గోడకి ఒకే మేకు

కిందటివారం సూర్యావతిని మనం నడింట్లో ఫోటోల మధ్యన వదిలేసి వచ్చేం. ఇప్పటికీ అక్కడే ఉంది. తిమ్మిరెక్కి ఓ కాలు చాపుకుంది, అంతే తేడా.

ఓడలరేవులో ఆ పెంకుటిల్లు రేపు పొద్దున్నే విప్పేస్తారు. ఆ చోటులో మరిది అబ్బులు స్లాబు ఇల్లు వేస్తాడు, అందులో వదినకో గది ఇస్తాడు. మాట తప్పే మనిషి కాదు. కాకపోతే ఇంకా పునాదైనా తియ్యని ఇంటి గోడల మీద అతనికి అప్పుడే బెంగ పట్టుకుంది.

"పుట్టీ పెట్టించి రంగేయిస్తన్నాను వదినా. మేకులు దిగ్గొడితే పెచ్చులూడిపోద్ది. నీ గదిలో ఒకే మేకు. నువ్వు కాబట్టి ఆ ఒక్కటీ. మా ఆవిడకైతే అదీ లేదు," అని పొద్దున్నే వచ్చి తేల్చి చెప్పేసేడు.

"ఆ ఒక్క మేకుకీ ఏది పెట్టుకోను అబ్బులూ?"

"ఏదేంటి వదినా, అన్నయ్యదే కదా! ఆ ఫోటో వెనకాల నా కష్టం ఉంది. ఎనిమిదేళ్ళోణ్ణి, బస్సెక్కి అమలాపురం స్టూడియోకి నేనే పట్టుకెళ్ళేను. 'గళ్ళ చొక్కా వేసుకున్నాయన మా అన్నయ్యండి, కోటు వేసి మా వదిన పక్కన కూచోబెట్టమన్నారండి' అని నేనే అప్పజెప్పేను. ఆయ్!"

ఈ ముక్క అబ్బులు ఏడాదికి రెండు మూడుసార్లయినా చెప్తాడు. చెప్పినప్పుడల్లా ఛాతీ ఓ అంగుళం ముందుకొస్తుంది.

అమలాపురంలో నర్సుగా చేస్తున్న కూతురు బేబీ కూడా ఫోన్లో అదే మాట అంది. "ఆ ఒక్క మేకూ నాన్నకేనమ్మా. కొత్త ఫ్రేము కట్టించడానికి ఇచ్చేను, సాయంత్రం డ్యూటీ దిగి పట్టుకొస్తాను. పాత ఫ్రేము చెదలు తినేసింది కదా. నువ్వు నాన్నని గుడ్డ పెట్టి తుడిచి రెడీగా ఉంచు."

ఆ ఇంట్లో ఆ పటాన్ని ఎవరూ ఫోటో అనరు. బేబీకి మాటలొచ్చిన దగ్గర్నించీ దాని పేరు నాన్న. నాన్నకి దీపం పెట్టేవా, నాన్న మీద బల్లి పాకుతోంది, నాన్నని కాస్త ఇటు జరుపు, తలుపు తగులుతోంది. కడుపులో ఉండగానే తండ్రి పోయిన పిల్ల. దానికి తెలిసిన తండ్రి అద్దం వెనకాలే ఉన్నాడు.

సరే, ఏది ఉంచాలో ముందే తేలిపోయింది కదా, మరి పొద్దుట్నించీ కూర్చుని చేస్తున్నదేంటీ అంటే, మిగతావాటి సంగతి. ఆ ఇంట్లో గోడ కనిపించేది కాదు, ఫోటోలే కనిపించేవి. అవన్నీ దింపి రెండు వాటాలు వేస్తోంది. ఉంచేవి చీర పరిచి దాని మీద. వద్దనుకున్నవి రొయ్యల మేత సంచిలో. చనిపోయినవాళ్ళ బొమ్మలూ దేవుళ్ళ పటాలూ చెత్తలో పారెయ్యరు. సంచి మూతి కట్టి, దణ్ణం పెట్టి, గోదాట్లో కలిపేస్తారు.

తిరపతిలో గుండు కొట్టించుకుని, రంగులేసిన కొండ ముందు నిలబడ్డ అత్త బంగారమ్మ. ఉంచాలి. అరువు కళ్ళజోడు పెట్టుకుని బిగుసుకుపోయిన మావగారు. ఉంచాలి. మొలతాడు తప్ప మరేం లేకుండా బోర్లా పడుకున్న అబ్బులు. ఇది వాళ్ళావిడకి ఇస్తే చాలాకాలం పనికొస్తుంది. బేబీ ఓణీల ఫంక్షను ఫోటోల్లో ఎవరిదో మోచెయ్యి ఒకటి అన్నిట్లోనూ అడ్డంగా దూరింది. ఆ మోచెయ్యి ఎవరిదో ఇప్పుడు చెప్పేవాళ్ళు లేరు. సంచిలోకి. అద్దానికి అంటుకుపోయి, పీకితే ముఖమంతా అద్దంతోనే వచ్చేసిన ఎవరో ముత్తైదువ. ఎవరమ్మా నువ్వు? సంచిలోకి.

ఇలా మనుషుల్ని తీసి పక్కన పెడుతూంటే సూర్యావతికి ఒకటి తోచింది. ఇన్ని బొమ్మల్లోనూ తనుంది మూడో నాలుగో. అందులోనూ ఒక దాంట్లో వీపే. ఫోటో తీసేటప్పుడు లోపల వండుతూనో, వడ్డిస్తూనో, పిల్లని ఎత్తుకుని పక్కకి తప్పుకునో ఉండి ఉంటుంది. "నువ్వూ రావే సూర్యా, నిలబడు" అని చెయ్యి పట్టుకుని లాగాల్సిన మనిషి లేకపోతే అంతే మరి.

ఆఖర్న నాన్న పటం దింపింది. మంచం మీద బోర్లా పెట్టి వెనక దుమ్ము తుడిచింది. తిప్పింది.

కోటు వేసుకుని, బుగ్గలకి గులాబిరంగు పులిమించుకుని, భర్త శివాజీ. పక్కన పందొమ్మిదేళ్ళ సూర్యావతి. ఇద్దరూ కలిసి ఎప్పుడూ అలా కూర్చోలేదు. పెళ్ళయిన ఆర్నెల్లకి, దీపావళి ముందు, తొంభై ఆరు గాలివానలో బోటు తిరిగి రాలేదు. నీళ్ళు ఇంట్లోకొచ్చి పెళ్ళి ఆల్బమ్‌ని పెట్టెతో సహా పట్టుకుపోయేయి. బోటు షావుకారి మేడలో ఉండబట్టి పనివాళ్ళ ఫోటో ఒకటి, సగం తడిసి మిగిలింది. అందులోంచి శివాజీని తీసి, రామచంద్రపురంలో పెళ్ళిచూపుల కోసం తీయించుకుని పుట్టింట్లోనే ఉండిపోయిన సూర్యావతి ఫోటోలో పూలకుండీ ఉన్నచోట కూర్చోబెట్టేడు స్టూడియో ఆయన. కోటు ఆయన బ్రష్షుతో వేసిందే.

కర్మనాడు మొదటిసారి ఆ పటం చూసినప్పుడు సూర్యావతికి, ఈయనేనా? అనిపించింది. అత్తని పక్కకి పిలిచి అడిగింది. బంగారమ్మ ఓ నిమిషం కోడలి ముఖంలోకి చూసి, "రంగులేస్తే మనిషి అలాగే మారతాడే. దండ వేసెయ్యి," అంది.

వేసింది. ఆర్నెల్ల కాపురంలో ఆయన ఇంట్లో ఉన్న రోజులెన్ని? తను తలెత్తి చూసిందెన్నిసార్లు? కోటిపల్లి రేవు దగ్గర పుట్టి పెరిగిన పిల్ల, కొత్త ఊరు, కొత్త కాపురం, కిరసనాయిలు బుడ్డి వెలుగు. తనకే సరిగ్గా గుర్తులేదు కాబోలు అనుకుంది. ఏళ్ళు గడిచే కొద్దీ పాత ముఖం చెరిగిపోయి, పటంలో ముఖమే వచ్చి ఆ చోటులో కుదురుకుంది. ఇప్పుడు కళ్ళు మూసుకున్నా కోటే కనిపిస్తుంది.

ఎడం కనుబొమ్మ మధ్యలో సన్నటి గీత. ప్రింటులో పడిన గీత అనుకునేవారు. నర్సు ట్రైనింగు నుంచి వచ్చిన ఏడు బేబీ అద్దం దగ్గరకి మొహం పెట్టి చూసి, "కాదమ్మా, నాన్నకి చిన్నప్పుడు కుట్లు పడ్డాయి. కుట్లు పడ్డచోట వెంట్రుక మొలవదు. నీకు తెలీదా?" అంది.

"ఏమోనే," అంది సూర్యావతి. ఏ పెళ్ళానికైనా సిగ్గుగా ఉండే జవాబే అది.

వీధిలో ఆటో ఆగిన చప్పుడైంది. గుమ్మంలో ఎవరో బుట్ట దింపేరు. ఎండు చేపల వాసన ముందొచ్చి, మనిషి తర్వాత వచ్చింది.

లోవమ్మ. అంతర్వేది పల్లిపాలెం నుంచి మూడు బస్సులు మారి ఏటా దీపావళి ముందు వస్తుంది. అదే బోటులో కూలికి కుదిరిన ఆవిడ కొడుకు రాంబాబు కూడా పోయేడు. "బోటులో మీ శివాజీ మావాణ్ణి తమ్ముడిలా చూసేడమ్మా, నన్ను అమ్మా అనీవోడు" అని చెప్పుకుంటుంది. అందుకే సూర్యావతి ఆవిణ్ణి అత్తా అంటుంది, బేబీ మామ్మా అంటుంది. వచ్చి పటం కింద చతికిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చి, పెట్టింది తిని, ఆఖరి బస్సుకి వెళ్ళిపోతుంది. చుట్టపక్కాల్లో ఎవరూ శివాజీ కోసం అలా ఏడవలేదు. ఆ మాటకొస్తే సూర్యావతీ అంత ఏడవలేదు. ఏమిటీవిడ నాకంటే ఎక్కువ ఏడుస్తుంది అని లోపల్లోపల కాస్త గుర్రుగా కూడా ఉండేది.

ఇది దీపావళి కాదు. ఆవిడొచ్చే రోజు కాదు.

"ఇల్లు ఇప్పేత్తన్నారంట కదా అమ్మాయ్," అంది లోవమ్మ గుమ్మంలోంచే. రొప్పుతోంది. "అమలాపురం మార్కెట్లో చెప్పేరు. తట్ట కూడా అమ్ముకోకుండా వచ్చేసేను."

"ఆయ్, రేపేనత్తా. రా, కూర్చో. మంచినీళ్ళు తాగు."

లోవమ్మ కూర్చోలేదు. కళ్ళు గోడ మీదకి వెళ్ళేయి. పటం ఉండాల్సిన చోట నలుపలకలుగా తెల్లటి సున్నం మరక. అక్కణ్ణించి కళ్ళు మేత సంచి మీదకి దిగేయి. సంచిలోంచి ఫ్రేముల కోణాలు పొడుచుకొస్తున్నాయి.

"ఆ సంచేంటి?"

"గోదాట్లో కలిపేవి."

అంతే. ఆ వయసులో ఆ మనిషి అంత జోరుగా ఎలా వంగిందో తెలీదు. సంచి మీద పడి, చేతులు లోపలికి పెట్టి కెలకడం మొదలెట్టింది. పగిలిన అద్దం ఏదో గీరుకుంది, వేలు నెత్తురొచ్చింది, చూసుకోలేదు.

"అత్తా! ఏంటత్తా అది! ఎవరిదనీ? మా ఆయన ఫోటో అందులో ఎందుకేస్తాను? ఇదిగో, మంచం మీదుంది!"

లోవమ్మ తిరిగి చూసింది. మంచం దగ్గరకొచ్చి పటాన్ని రెండు చేతుల్తో తీసుకుని గుండెకి ఆనించుకుంది. నెత్తురు వేలిముద్ర ఒకటి కోటు గుండీ మీద పడింది. అప్పుడు కూర్చుంది, నేల మీద.

"అమ్మాయ్," అంది. "ఇది నాకిచ్చెయ్యి."

సూర్యావతికి నవ్వొచ్చింది ముందు. తర్వాత నవ్వు రాలేదు.

"ఏంటత్తా ఆ మాట?"

"నీకు కొత్తింట్లో ఇంకోటేదైనా పెట్టుకోవచ్చు. నాకిచ్చెయ్యి తల్లీ."

"అత్తా, నువ్వు పెద్దదానివి. ఏటా వచ్చి ఏడుస్తావు, మేమెప్పుడూ ఏం అనలేదు. మా ఆయన నిన్ను అమ్మా అన్నాడంటావు, సరే అన్నాం. అలాగని ఆయన ఫోటో నీకెందుకిస్తాను? మొగుడు నాకా నీకా? నువ్వేం హక్కుతో అడుగుతున్నావు?"

"హక్కే," అంది లోవమ్మ. గొంతు పెంచలేదు. "మీ ఆయన నన్ను అమ్మా అననే లేదు. ఆయన్ని నేను చూసింది ఒకేసారి. మావాణ్ణి బోటుకి కుదుర్చుకోడానికి మా రేవులో దిగినప్పుడు. అమ్మా అన్నది ఈడు." పటాన్ని తిప్పి, కనుబొమ్మ మీద గీత దగ్గర వేలు పెట్టింది. "ఏడో ఏట లంగరు కొక్కెం తగిలింది. రాజోలు తీసుకెల్లి నేనే కుట్లేయించేను. ఈడు నా రాంబాబు."

బయట ఆటో ఇంకా వెళ్ళలేదు. డ్రైవరు ఎవరితోనో ఫోన్లో బేరం ఆడుతున్నాడు. సూర్యావతికి ఆ బేరం మొత్తం వినబడింది. ఈ గదిలో మాట మాత్రం చెవిదాకా వచ్చి అక్కడే ఆగిపోయింది.

లేచింది. ట్రంకుపెట్టె తీసింది. అడుగున, అత్త పాత చీరలో చుట్టి, స్టూడియో ఆయన తిప్పి పంపిన పనివాళ్ళ ఫోటో ఉంది. ఇన్నేళ్ళలో విప్పి చూడలేదు. ఎందుకు విప్పలేదూ అని అడిగితే ఏం చెప్పేదో గానీ, ఎవరూ అడగలేదు.

చీర విప్పింది.

కొత్త బోటు అంచున వరసగా కూర్చున్న కుర్రాళ్ళు. నీళ్ళు తాగి ఫోటో ఓ పక్క ఉబ్బిపోయింది. రెండోవాడు, నవ్వకుండా కెమేరాలోకి గుచ్చి చూస్తున్నవాడు, కనుబొమ్మ తెగినవాడు. కోటు లేదు, బుగ్గల మీద గులాబీలు లేవు. అతను గళ్ళ చొక్కా వేసుకున్నాడు.

అతని పక్కవాడూ గళ్ళ చొక్కాయే వేసుకున్నాడు. ఆ పక్కవాడూ. అందరూ.

"కొత్త బోటు నీళ్ళలో దింపితే షావుకారు పనోళ్ళకి బట్టలెట్టాల కదా," అంది లోవమ్మ పక్కనుంచి చూస్తూ. "ఒకే తాను కోయించి కుట్టించేడు. అది తొడుక్కుని మా ఊరొచ్చి చూపించేడు కూడా, చూడమ్మా చొక్కా అని."

అబ్బులు బస్సెక్కి వెళ్ళి, పొట్లం విప్పనైనా విప్పకుండా, అప్పజెప్పిన మాట సూర్యావతి చెవుల్లో గింగురుమంది. గళ్ళ చొక్కా వేసుకున్నాయన మా అన్నయ్యండి. స్టూడియో ఆయన మాత్రం ఏం చేస్తాడు? ముఖం స్పష్టంగా ఉన్నవాణ్ణి తీసుకున్నాడు. అబ్బులు ఎనిమిదేళ్ళవాడు, పెద్దవాళ్ళు అన్నయ్య అంటే అన్నయ్యే. మావగారికి కళ్ళకి పొరలు. ఊళ్ళోవాళ్ళు రాంబాబుని ఎరగరు, ప్రతి ఇంట్లోనూ చావే, ఎవరి ఏడుపు వాళ్ళది. రంగులేస్తే మారతాడులే అనుకున్నారు.

"మరి నువ్వు?" సూర్యావతి ఆవిడ వైపు తిరిగింది. "నీకు తెలుసు కదా! ఇన్నేళ్ళూ నా ఇంట్లో కూర్చుని, నా చేతి అన్నం తిని, నేను నీ కొడుక్కి దీపం పెడుతుంటే చూస్తూ ఊరుకున్నావా? ఒక్క మాట చెప్పలేకపోయేవా?"

"చెపితే తీసేసీవోరు."

"తీసేసేవాళ్ళమే!"

"తీసేత్తే నేనెక్కడ చూసుకోను?"

సూర్యావతి మంచం అంచున కూర్చుంది.

"నా దగ్గిర వాడి బొమ్మ ఒక్కటి లేదు తల్లీ," అంది లోవమ్మ. "మా కొంపలో ఫోటో తీయించుకునే రాతెక్కడిది? గాలివాన తగ్గేక ఊరూరూ తిరిగేను, ఎక్కడో ఒడ్డెక్కుంటాడు, ఎవరో అన్నమెట్టుంటారు అనుకుంటా. మీ ఇంటికీ అలాగే వచ్చేను, మీ ఆయనొచ్చేడేమో, వత్తే మావాడి సంగతి చెప్తాడేమో అని. గుమ్మంలో అడుగెట్టేను. నా పిల్లోడు గోడ మీద దండేసుకుని కూచునున్నాడు. అప్పుడు నమ్మేను, పోయేడని. మీ అత్త నన్ను పట్టుకుని ఎవరమ్మా నువ్వు అంటే ఏం చెప్పను? నోటికొచ్చింది చెప్పేను."

"మా అత్తకి తెలుసా?"

"మరుసటేడు అన్నం వడ్డిత్తా మెల్లగా అడిగింది. 'ఎవరే ఆ కుర్రోడు?' అని. కన్నతల్లికి తెలీకుండా ఉంటాదా? చెప్పేను. ఇద్దరం ఏడిసేం. 'మా కోడలికి చెప్పకు లోవా, దానికి ఆ గోడ తప్ప ఇంకేం లేదు' అంది. 'నువ్వు ఏటా వత్తా ఉండు' అంది. వత్తన్నాను."

బంగారమ్మ పోయి ఏడాది దాటింది. తిట్టడానికి కూడా మనిషి లేదు. సూర్యావతి చీర మీద ఉంచేవాటిల్లో ఉన్న అత్త ఫోటో వంక చూసింది. గుండుతో, రంగుల కొండ ముందు, ఏం ఎరగనట్టు నిలబడి ఉంది మహాతల్లి.

ఏం మాట్లాడింది తను ఆ పటంతో! బేబీకి జ్వరం వస్తే చెప్పింది. రొయ్యల షెడ్డులో చేతులు ఐసుకి కొంకర్లు పోతున్నాయని చెప్పింది. మళ్ళీ పెళ్ళి చేసుకోమని పుట్టింటివాళ్ళు కబురంపితే, నువ్వేమంటావు అని అడిగింది. ఆయన ముఖంలో ఇష్టం లేనట్టు కనిపించి మానేసింది. ఎవరి ముఖంలో? పెళ్ళయిందో లేదో కూడా తెలీని ఓ కుర్రాడి ముఖంలో. ఇరవై ఏళ్ళుంటాయా? ఇప్పుడు తనకి కొడుకు వరసయ్యే పిల్లాడు.

"పెళ్ళి కాలేదు వాడికి," అంది లోవమ్మ, సూర్యావతి మనసు చదివినట్టే. తల ఎత్తలేదు. "అనకూడదమ్మాయ్, చెప్పుతో కొట్టు కావలిస్తే. ఏటా వచ్చి చూసుకున్నప్పుడల్లా నాకు పెళ్ళికొడుకులా కనిపించీవోడు. కోటూ అదీనీ. పక్కన నువ్వు."

సూర్యావతి లేచి వంటింట్లోంచి చాకు తెచ్చింది. పటం వెనక తుప్పు మేకులు పీకి, అట్ట తీసి, ఫోటో బయటికి లాగింది.

"మధ్యకి కోసేస్తాను. మీ అబ్బాయి మీకు, నా బొమ్మ నాకు."

ఇన్నేళ్ళూ నువ్వు అన్నది ఒక్కసారిగా మీరు అయిపోయింది. లోవమ్మ అది గమనించింది. గమనించి తలూపింది. "కోసుకో తల్లీ. నీ బొమ్మ నీదే. నేనెందుకు కాదంటాను?"

ఫోటోని కిటికీ గట్టు మీద పరిచి, చాకు మొన ఎక్కడ ఆనించాలా అని చూసింది సూర్యావతి. రామచంద్రపురం స్టూడియోలో ఆయన, "చెయ్యి కుండీ మీద వెయ్యమ్మా, భయపడకు" అన్నాడు ఆ రోజు. వేసింది. ఆ కుండీ తీసేసి మనిషిని పెట్టిన అమలాపురం ఆయన, సూర్యావతి చేతిని మాత్రం అలాగే ఉంచేసేడు. పందొమ్మిదేళ్ళ పిల్ల చెయ్యి, గాజులతో సహా, ఆ కుర్రాడి మోచేతి మీద ఉంది. ఎటు కోసినా ఒకరి చెయ్యి తెగుతుంది.

చాలాసేపు చూసింది. ఆ పిల్ల కూడా ఆమెకి ఎవరో పరాయి పిల్లలాగే ఉంది. నడుం నొప్పులూ చత్వారమూ లేని పిల్ల. ఇరవై ఏళ్ళవాడి పక్కన హాయిగా ఒదిగిపోయింది. ఈ గోడ మీద ఉండి ఇది చేసేదేముంది? ఇక్కడ దీన్ని ఎరిగినవాళ్ళెవరున్నారు?

చాకు పక్కన పెట్టేసింది.

ఫోటోని మళ్ళీ అద్దం వెనక పెట్టి, అట్ట బిగించి, మేకుల్ని చపాతీ కర్రతో కొట్టింది. ఓ పాత తువ్వాల్లో చుట్టి లోవమ్మ ఒళ్ళో పెట్టింది.

"కొయ్యలేదేంటమ్మా?"

"పట్టుకెళ్ళు అత్తా. కొయ్యడానికి చెయ్యి రాలేదు."

లోవమ్మ ఏదో అనబోయింది. ఒక పిలుపు నోటిదాకా వచ్చింది. అది ఏ పిలుపో సూర్యావతికి తెలిసింది, లోవమ్మకీ తెలిసింది. ముసలావిడ దాన్ని మింగేసి, ఎండు చేపల బుట్టలోంచి మంచి సావడాలు ఏరి గుమ్మంలో పెట్టి, "ఉల్లిపాయేసి ఏయించుకో. బేబీకిష్టం," అంది.

"అత్తా," అంది సూర్యావతి. పనివాళ్ళ ఫోటో మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "మా ఆయన్ని చూసేనన్నావు. ఒక్కసారి. ఎలా ఉండేవాడు?"

లోవమ్మ గుమ్మంలో ఆగి ఆలోచించింది. "నవ్వితే ఒక పక్కకే నవ్వీవోడు. ఇంకో పక్క రానట్టు. బేరం తెగేక వాచీ చూసుకున్నాడు. డయలు లోపలికి తిప్పి పెట్టుకున్నాడు, మణికట్టు కిందకి. ఇదేం ఏసమయ్యా అంటే, మావగారిచ్చిన వాచీ, వల రాసుకుని గీతలు పడతాయి అన్నాడు."

సూర్యావతి ఫోటోని వెలుగులోకి తిప్పింది. వరస చివర, నీళ్ళు తాగి ఉబ్బిన చోట, ఒకడు కెమేరా వైపు కాకుండా పక్కకి తిరిగి ఎవర్నో కేకేస్తున్నాడు. ముఖం సగానికి పైగా తేమ తినేసింది. ఓ చెవి, బుగ్గ అంచు, భుజం మిగిలేయి. బోటు అంచు పట్టుకున్న చెయ్యి మిగిలింది. మణికట్టు మీద వాచీ బెల్టే కనిపిస్తోంది, డయలు లేదు. కిందకి తిరిగి ఉంది.

అప్పుడొచ్చింది ఏడుపు. కర్మనాడు రానిది. గట్టు పట్టుకుని, చప్పుడు చెయ్యకుండా, ముక్కు కారిపోయేలా ఏడ్చింది. ఓ చెవీ, సగం బుగ్గా, ఓ చెయ్యీ. ఆవిడ మొగుడు అంతే మిగిలేడు. అంతవరకూ ఆవిడదే.

ముఖం తుడుచుకుని చూసేసరికి లోవమ్మ వీధిలోకి వెళ్ళిపోయింది. అక్కడ ఆవిడ వచ్చిన ఆటో వెనకే ఇంకోటి వచ్చి ఆగింది. అందులోంచి బేబీ దిగింది. తెల్ల యూనిఫాం మీద చున్నీ, చంకలో న్యూస్‌పేపరు చుట్టిన కొత్త ఫ్రేము.

"మామ్మా! ఇదేంటి, చెప్పా పెట్టకుండా! అప్పుడే వెళ్ళిపోతన్నావేంటి, ఉండు!"

"బస్సుందమ్మా."

"వేలికేంటి ఆ నెత్తురు? ఏదీ." నర్సు కదా, బ్యాగులోంచి దూది తీసి అక్కడే వీధిలో నిలబెట్టి కట్టు కట్టేసింది. "ఆ చంకలో మూటేంటి? అద్దంలా ఉంది. ఇలాగియ్యి, నువ్వెక్కు ముందు." తువ్వాలు చుట్టిన పటాన్ని తనే అందుకుని, లోవమ్మ ఆటోలో సర్దుకున్నాక, పసిపిల్లని ఇచ్చినట్టు జాగ్రత్తగా ఒళ్ళో పెట్టింది. "గతుకుల్లో గట్టిగా పట్టుకో మామ్మా, పగిలిపోద్ది." డ్రైవరుతో, "మెల్లగా తోలు బాబూ," అంది.

సూర్యావతి గుమ్మంలో నిలబడి అంతా చూసింది. పిలవొచ్చు. ఆటో కదలకముందు ఒక్క కేక వెయ్యొచ్చు.

ఆటో మలుపు తిరిగింది. బేబీ చెప్పులు విడిచి లోపలికొచ్చింది, పేపరు విప్పుకుంటూ, మాట్లాడుకుంటూ.

"టేకుదమ్మా, చూడు ఎలా ఉందో. కట్టినాయన కూడా అన్నాడు, మీ నాన్నగారి ముక్కే మీదండీ, ఫోన్లో ఫోటో చూపించగానే పోల్చేసేను అని. బాబాయ్ మేకు ఎక్కడ కొడతాడో నేనే దగ్గరుండి..."

ఆగింది. తెల్లటి సున్నం మరక వంక చూసింది. మంచం మీద చూసింది. చీర మీద వాటాలో చూసింది. మేత సంచి వంక చూసి, తల్లి అంత పని చెయ్యదులే అన్నట్టు కళ్ళు మళ్ళించుకుంది. ఏడ్చి వాచిన తల్లి ముఖం దగ్గర ఆ కళ్ళు ఆగేయి.

కొత్త ఫ్రేముని, ఖాళీదాన్ని, రెండు చేతుల్తో పట్టుకుని అడిగింది.

"అమ్మా, నాన్నేడి?"